ఎర్రని నెబ్యులాను పట్టే పనితనం

నెబ్యులాల్లోని హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల ఎరుపు కాంతిని వెదజల్లుతుంది. మామూలు కెమెరాలో సెన్సర్ ముందుండే ఫిల్టర్ అందులో చాలాభాగాన్ని ఆపేస్తుంది. దాన్ని తీసి, ఆ ఎరుపును లోపలికి పోనిచ్చే ఫిల్టర్ బిగిస్తే ఓరియన్ నక్షత్రరాశిని చుట్టిన బర్నార్డ్ వలయమనే నెబ్యులా వైడ్ లెన్స్‌కూ చిక్కుతుంది.

అసలు నేర్పు, నక్షత్రాల కదలికతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్ దగ్గరుంది. 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు తిరిగే దాని ఇరుసును ఖగోళ ధ్రువానికి గురిపెట్టాలి. ధ్రువనక్షత్రం అక్కడికి ఒక డిగ్రీ లోపే ఉంటుంది. కానీ హైదరాబాద్‌లో అది దిగంతానికి సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది కనుక చెట్టో గుట్టో అడ్డొస్తుంది. ఉత్తరం తెరిపిగా ఉన్న చోటు వెతకడం, చీకట్లో ట్రైపాడ్ సమం చేయడం, గురి చెదిరితే మళ్లీ మొదలుపెట్టడం: మెచ్చుకోవలసింది ఈ ఓపికనే.

తర్వాత, అలా తీసిన ఫ్రేములను కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి పేరుస్తారు. ఫ్రేములు నాలుగు రెట్లయితే చిత్రంలోని గరుకుదనం, అంటే నాయిస్, సగమవుతుంది. అమావాస్య రాత్రుల్లో, ఊరి దీపాలకు దూరంగా తీసినవే ఇందుకు బాగా పనికొస్తాయి.