రాణిగారి రవికె

పేరంటానికి పిలిస్తే వెళ్ళి, తాంబూలం పుచ్చుకుని, "కొలువు బ్రహ్మాండంగా ఉందండీ" అని వచ్చేయడం మర్యాద. ఈసారికి ఆ మర్యాద పక్కన పెడుతున్నాను. పుస్తకాలకీ సినిమాలకీ సమీక్షలు రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. జానెడు బొమ్మ కట్టిన చీరకి ఎవరు రాస్తారు చెప్పండి? పైగా రాయమన్నది కుట్టిన మనిషే. "ఊరికే బాగుంది బాగుంది అనొద్దు, యాడ తప్పుందో చెప్పు" అంది సోమందేపల్లె పెద్దమ్మ.

ఆవిడ పుట్టిల్లు తుమకూరు వైపు. పెళ్ళిలో ఎర్రచందనపు బొమ్మల జంటనిచ్చి పంపారు. కన్నడం వాళ్ళు పట్టద గొంబెలంటారు, అరవంలో మరపాచి అంటారు, పెద్దమ్మకి మాత్రం వాళ్ళు రాజా, రాణీ. ఏటా దసరాకి ఇద్దరికీ కొత్త బట్టలు కుట్టాల్సిందే.

జానెడు బొమ్మే కదా, పట్టు ముక్క ఒకటి చుట్టేస్తే పోలేదా అనుకుంటాం. అక్కడే చెడుతుంది. మనకీ దానికీ ఎత్తులో సుమారు ఏడింతల తేడా. బట్ట పొడుగు తగ్గించగలం, వెడల్పు తగ్గించగలం, మందం ఎట్లా తగ్గిస్తాం? అసలు పట్టుతో అయిదు కుచ్చిళ్ళు పోశారంటే రాణిగారికి నెలలు నిండినట్టుంటుంది! ధర్మవరం పెద్దంచు ముక్క అయితే మరీ విడ్డూరం, అంచే చీర అయిపోతుంది. పెద్దమ్మ పాత మల్లు పంచె చించి కుంకుమరంగులో ముంచింది. ఊళ్ళో మగ్గాలవాళ్ళ దగ్గర మిగిలిన జరీ పోగులు తెచ్చి, అరంగుళం అంచుగా వరసలు కుట్టింది. కుచ్చిళ్ళు మూడే. వాటిని రాత్రంతా లావుపాటి భారతం కింద అదిమి పెట్టిందట. పొద్దున తీసి కడితే కాళ్ళ దాకా జారినట్టు నిలిచాయి.

హిందూపురం దాటి లేపాక్షికి వెళ్ళినవాళ్ళు వీరభద్రస్వామి గుడి పైకప్పు బొమ్మలు చూసే ఉంటారు. పదహారో శతాబ్దపు ఆ చిత్రకారులు ఆడవాళ్ళ చీరలకి చారలూ పువ్వులూ ఎన్ని రకాలు వేశారో! ఏ పువ్వూ మనిషిని మింగెయ్యదు. ఒంటిని బట్టి పువ్వు. ఈ లెక్క పెద్దమ్మకి ఎవరూ చెప్పలేదు గానీ చేతికి వచ్చింది.

ఇంకో సంగతి. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ 1965లో పెట్టిన బొమ్మల మ్యూజియంలో దేశదేశాల దుస్తులు కనిపిస్తాయి. అవి అద్దాల వెనక చూసి నేర్చుకోవడానికి. కొలువు బొమ్మ బట్ట అట్లా కాదు, ఏటేటా విప్పాలి, మళ్ళీ కట్టాలి. 1959లో పుట్టిన అమెరికా బార్బీ పదకొండున్నర అంగుళాల పిల్ల, దాని గౌనులు కూడా విప్పి మార్చడానికే కుట్టారు. విప్పడానికి వీల్లేనిది నా దృష్టిలో బట్టే కాదు, పూత.

ఇంత గట్టిగా చెబుతున్నానంటే కారణముంది, మనలో మాట. పెద్దమ్మకి కంట్లో శుక్లం ఆపరేషనైన ఏడు బొమ్మల బట్టలు నేను చేశాను. తళుకుల లేసు కొని, సూది ఎవరు పట్టుకుంటారులే అని జిగురుతో అంటించాను. అందరూ మెచ్చుకున్నారు కూడా! మరుసటి ఏడు ఊడదీస్తే లేసుతో పాటు రాణి ఎడమ భుజం మీద నునుపూ లేచొచ్చింది. రూపాయంత మచ్చ. అది పెద్దమ్మకి వాళ్ళమ్మ ఇచ్చిన బొమ్మ. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఈసారి ముందుగా రవికె చూశాను. బొమ్మ చేతులు ఒంటిని అంటుకునే ఉంటాయి కాబట్టి చేతుల రవికె తొడగడం కుదరదు. అందుకని ముందు భాగం ఒక్కటే కుట్టి, వెనక దారంతో ముడేసింది. పైట కింద ఎవరికీ తెలియదు. ఎప్పుడూ భుజం అంచున ఆగే బట్టని ఈసారి ఎడమవైపు కాస్త కిందికి దింపింది. కుడివైపు కూడా అంతే దింపి, రెండు వైపులా సన్నటి పచ్చంచు వేసింది. అదేదో కొత్త ఫ్యాషనని పేరంటాళ్ళు ముచ్చటపడ్డారు. నేను తలెత్తలేదు.

తప్పు చెప్పమంది గనక చెప్పాను. రాజుగారి తలపాగా బాగాలేదు. గుమ్మడికాయంత ఉంది, కళ్ళమీదికి దిగింది. బట్ట మరీ ముతక.

"నాకూ తెలుసులే" అంది పెద్దమ్మ, గుడ్డముక్కల డబ్బా నా ఒళ్ళో పెడుతూ. "వచ్చే ఏడు అది నువ్వు కుట్టు. జిగురు లేకుండా."

డబ్బా తెచ్చుకుని మూడు నెలలైంది. తలపాగాకి తగినంత సన్నటి ముక్క ఇంకా దొరకలేదు.