నూట ఒకటో గది: ‘1984’ పతాక సన్నివేశంపై ఒక పరిశీలన

జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’లో మూడవ భాగం, ఐదవ అధ్యాయం ఈ పాఠానికి ఆధారం. నవల 1949 జూన్‌లో వెలువడింది. ఆర్వెల్ 1903లో బీహారులోని మోతీహారిలో పుట్టాడు. 1941 నుంచి 1943 వరకు బి.బి.సి.లో భారతీయ శ్రోతల కోసం ప్రసంగాలు సిద్ధం చేశాడు. రాబోయే కాలంలో మనిషికి ఊపిరాడని రాజ్యాన్ని ఊహించి రాసే ఇటువంటి నవలలను ‘డిస్టోపియన్ నవలలు’ అంటారు.

ఘట్టం చిన్నది. పార్టీకి మనసులో ఎదురు తిరిగిన విన్‌స్టన్ స్మిత్‌ను విచారణాధికారి ఓబ్రయన్ 101వ నంబరు గదికి రప్పిస్తాడు. ఆకలిగొన్న ఎలుకలున్న పంజరాన్ని అతని ముఖానికి తగిలించబోతాడు. ఎలుకలంటే విన్‌స్టన్‌కు ప్రాణభయం. ఆ సంగతి రెండవ భాగంలోనే మనకు తెలుసు. ఈ శిక్ష నాకొద్దు, జూలియాకు వెయ్యండని అతడు కేకలు పెడతాడు. జూలియా అతడు ప్రేమించిన మనిషి. పంజరం తలుపు మూసుకుంటుంది. పని అయిపోయింది.

ఈ అధ్యాయాన్ని సంపర్క తరగతుల్లో చర్చించినప్పుడు ఎక్కువమంది కెమెరాల గురించి మాట్లాడారు. కాలనీ మొదట్లో పోలీసులు ‘నేను సైతం’ పేరుతో పెట్టించిన సి.సి. కెమెరాలు వారికి గుర్తొచ్చాయి. (శ్రీశ్రీ మాట కెమెరా స్తంభమెక్కడం వేరే వ్యాసానికి తగిన విషయం.) నవల మొదటి భాగానికి ఆ పోలిక సరిపోతుంది. 101వ గదిలో జరిగేది మాత్రం కెమెరాతో అయ్యే పని కాదు. బడంగ్‌పేట్ నుంచి వచ్చే ఒక అభ్యాసకురాలు అసలు చోట వేలు పెట్టింది. “ఇంత చదివించి చివరికి ఒక పిరికివాణ్ణి చూపిస్తారా సార్? వాడు చచ్చిపోయినా బాగుండేది” అంది.

ఈ కోపం ఊరికే రాలేదు. మనం హరిశ్చంద్రుడి కథ వింటూ పెరిగినవాళ్లం. గౌరన ద్విపద చదవనివారు కూడా బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోని కాటిసీను చూసి ఉంటారు. అక్కడా ఒక పరీక్ష ఉంది, పరీక్షించేవాడు ఉన్నాడు, ఒక్క అబద్ధమాడితే అన్నీ తిరిగి వస్తాయి. హరిశ్చంద్రుడు ఆడడు, భార్య మెడ మీదికే కత్తి ఎత్తుతాడు. మనం చప్పట్లు కొడతాం. విన్‌స్టన్ తన ముఖం ముందున్న ఎలుకలను ప్రియురాలి మీదికి మళ్లించమంటే ఛీకొడతాం. రెండు చోట్లా ప్రమాదంలో పడేది స్త్రీయేనని ఎంతమంది గమనించారు? తేడా ఎక్కడుందంటే, చంద్రమతి ఆ ధర్మంలో తానూ భాగమై మెడ వంచుతుంది. జూలియా ఆ గదిలోనే లేదు. హరిశ్చంద్రుడు కత్తి ఎత్తగానే దేవతలు ప్రత్యక్షమవుతారు, లోహితాస్యుడు లేచి కూర్చుంటాడు. ఆర్వెల్ రాజ్యంలో దిగివచ్చే దేవుడు లేడు. పరీక్ష ఆపగలిగినవాడు పరీక్ష పెట్టినవాడొక్కడే.

పిరికివాడన్న మాటకు మన చట్టం ఒక జవాబు చెబుతుంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం నిందితుడి మీద రుజువుగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2023లో చేసిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ నియమాన్ని నిలుపుకుంది. కొట్టి చెప్పించిన మాట మనిషి మాట కాకపోవచ్చునన్న అనుమానం దాని వెనుక ఉంది. ఈ లెక్కన విన్‌స్టన్ నిర్దోషి. లాఠీదెబ్బలకు ఒప్పుకున్నవాణ్ణి తప్పుచేసినవాడిగానే చూసే మన వీధి అలవాటు కంటే చట్టమే ఇక్కడ దయగలది.

కాని ఆర్వెల్ ఈ ఊరటను కూడా మిగల్చలేదు. రెండవ భాగంలో విన్‌స్టన్, జూలియా సరిగ్గా ఈ విషయమే మాట్లాడుకుంటారు: నేరం ఒప్పుకోవడం ద్రోహం కాదు, ప్రేమ పోవడమే ద్రోహం, లోపలికి ఎవరూ రాలేరు. విడుదలయ్యాక ఇద్దరూ పార్కులో కలిసినప్పుడు జూలియా చెప్పేది వినండి. తానూ అతణ్ణి అప్పగించింది. పైకి అన్న మాట కాదట. ఆ క్షణంలో నిజంగానే అలా జరగాలని కోరుకున్నదట. బలవంతపెట్టి పలికించిన మాటే మనసులోని కోరిక కూడా అయింది. అభ్యాసకురాలి కోపానికీ, చట్టం దయకూ ఈ వాక్యం దగ్గర దారి మూసుకుపోతుంది. నవలకు అసలు పతాక స్థాయి, నా దృష్టిలో, ఎలుకల గదిలో కంటే ఈ చలి పార్కులోనే ఉంది.

ఇక్కడ విమర్శకుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ప్రతి మనిషికీ భరించలేనిది ఏదో ఒకటి ఉంటుందన్నది ఓబ్రయన్ సిద్ధాంతం. చివరి అధ్యాయాల్లో గట్టిగా మాట్లాడేవాడు అతడొక్కడే కాబట్టి పాఠకుడు దానిని రచయిత తీర్పు అనుకుంటాడు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు పక్కన పెట్టుకుని చదవండి. ఆ జైల్లో ఖైదీకి పక్కన ఇంకో ఖైదీ ఉంటాడు. విన్‌స్టన్ పక్కన ఎవరూ లేరు. ఓబ్రయన్ సిద్ధాంతం నిజమైందో, ఒంటరిగా దొరికిన మనిషి మీద మాత్రమే పనిచేసిందో నవల తేల్చదు. నవల చివర చేర్చిన ‘న్యూస్పీక్’ అనుబంధం భూతకాలంలో నడుస్తుంది. ఆ రాజ్యం ఏనాడో ముగిసిందనడానికి కొందరు దీనినే ఆధారంగా చూపుతారు. నాకది బలమైన ఆధారంగా తోచదు.

అభ్యాసం: మూడవ భాగం ఆరవ అధ్యాయంలో పార్కు సంభాషణను మళ్లీ చదవండి. విన్‌స్టన్ జూలియా నడుము చుట్టూ చెయ్యి వేసినప్పుడు ఆమె ఎందుకు స్పందించదో, చెయ్యి తోసివేయదో ఒక పేజీకి మించకుండా రాయండి.