డిలన్ పక్కన పెట్టినవి, మనం పక్కన పెట్టినవి

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో హాస్టల్ సీనియర్ ఒకాయన నాకు బాబ్ డిలన్‌ని పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. అందులో రెండు ఫోల్డర్లు. ఒకదాని పేరు ‘డిలన్’. రెండోదాని పేరు ‘డిలన్ తర్వాత’. 1962 నుంచి 1976 దాకా వచ్చిన ఆల్బమ్స్ మొదటి ఫోల్డర్లో, ఆ తర్వాతి ముప్పై ఏళ్లూ రెండోదాంట్లో. ఆ రెండోది నేను ఆరేడేళ్లు తెరవలేదు. అందులో ఏముందో వినకుండానే దానిమీద నాకు గట్టి అభిప్రాయం ఉండేది: గొప్పవాడు అయిపోయాక మిగిలిన సరుకు.

2015లో ‘షాడోస్ ఇన్ ద నైట్’ వచ్చింది. ఒకప్పుడు ఫ్రాంక్ సినాట్రా పాడిన పది పాత పాటల్ని డిలన్ తన డెబ్భై మూడేళ్ల గొంతుతో పాడాడు. నేను ఒకటిన్నర పాట విని సీనియర్‌కి మెసేజ్ పెట్టాను. “అన్నా, ఈయన ఇంక ఆపేస్తే బాగుండు.” కాసేపటికి జవాబొచ్చింది. “మొత్తం విన్నాక చెప్పరా.” సిగ్గేసింది. మొత్తం వినలేదు గానీ, ఆ రాత్రి ‘డిలన్ తర్వాత’ మాత్రం తెరిచాను.

డిలన్ అభిమానులకి ఆయన్ని తిట్టడం కొత్తేమీ కాదు. 1965లో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నాడని కొందరు తిట్టారు. 1970లో ‘సెల్ఫ్ పోర్ట్రెయిట్’ వచ్చినప్పుడు మా చెవుల్లో పువ్వులు పెడుతున్నాడా అన్నారు. 1979లో క్రైస్తవంలోకి వెళ్లి, ఆ నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో కచేరీల్లో పాత పాట ఒక్కటీ పాడకుండా భక్తి పాటలే పాడితే, కొందరు లేచి వెళ్లిపోయారు. ఎనభైల గురించి చెప్పుకోడానికే ఇబ్బంది పడేవాళ్లు. 1997లో ‘టైమ్ అవుట్ ఆఫ్ మైండ్’ వచ్చి, తర్వాతి ఏడాది గ్రామీల్లో ఉత్తమ ఆల్బమ్ అయ్యాక కథకి మంచి ముగింపు దొరికింది: పడ్డాడు, లేచాడు. చాలాకాలం డిలన్ తర్వాతి ఆల్బమ్స్ మీద ఎవరు ఏం రాసినా ఈ రెండు క్రియల మధ్యే తిరిగేది.

గత పదేళ్లలో ఈ కథ మారింది. ఇప్పుడు ఫ్యాన్స్‌ని అడిగితే, “అసలు పడలేదు, మనకే అర్థం కాలేదు” అంటున్నారు. ‘సెల్ఫ్ పోర్ట్రెయిట్’ అంత చెత్తేం కాదట. భక్తి పాటల కాలం అద్భుతమట. ఎనభైల్లోనూ బంగారం ఉందట. నేనూ ఈ గుంపులోనే ఉన్నాను. ఈ మార్పు మంచిదేనని నమ్మాను కూడా. కానీ ఈమధ్య ఒక అనుమానం పట్టుకుంది. మన మనసు నిజంగా మారిందా, లేక మనకి నచ్చేలా ఆల్బమ్‌నే మార్చి ఇచ్చారా?

1991 నుంచి ‘బూట్‌లెగ్ సిరీస్’ పేరుతో డిలన్ విడుదల చేయని రికార్డింగులు బయటికొస్తున్నాయి. ప్రతి మార్పు వెనకా వీటిలో ఏదో ఒక సంపుటం ఉంటుంది. 2013లో ‘అనదర్ సెల్ఫ్ పోర్ట్రెయిట్’ వచ్చింది. 1970లో పాటల మీద పూసిన తంతి వాద్యాలూ కోరస్‌లూ కొన్నిచోట్ల గీకేస్తే, కింద గిటార్, గొంతు మిగిలాయి. అవి మనకి నచ్చాయి. 2017లో ‘ట్రబుల్ నో మోర్’ వచ్చింది. దాని బలమంతా ఆ కాలపు కచేరీల్లో ఉంది. స్టూడియోలో బిగుసుకుపోయిన పాటలు స్టేజి మీద మండిపోతాయి. 1983 నాటి ‘ఇన్‌ఫిడెల్స్’ సంగతైతే మరీ. ఆ సెషన్లలో పాడిన ‘బ్లైండ్ విల్లీ మెక్‌టెల్’ని డిలన్ ఆల్బమ్‌లో పెట్టలేదు. 1991లో అది బయటికొచ్చాక, ఎనభైల్లో ఆయన పాటలన్నిట్లోకీ అదే గొప్పదని చాలామంది తేల్చారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

నా ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ఇవన్నీ మెర్జ్ చేయని బ్రాంచ్‌లు. రచయిత చూసి, ఆలోచించి, వద్దనుకున్నవి. మనం ‘ఇన్‌ఫిడెల్స్ మీద నా అభిప్రాయం మారింది’ అంటున్నాం. కానీ వింటున్నది ‘ఇన్‌ఫిడెల్స్’లో లేని పాట. రచయిత తీర్పే ఆఖరిది కానక్కర్లేదు, నిజమే. ‘బ్లైండ్ విల్లీ మెక్‌టెల్’ని వదిలేయడం డిలన్ చేసిన తప్పే. నా గొడవ అది కాదు. అక్కడ మారింది మన చెవి కాదు, మన ముందు పెట్టిన వస్తువు. గిటారూ గొంతూ మాత్రమే కావాలని 1970లో మారాం చేసినవాళ్లకి, నలభై మూడేళ్ల తర్వాత అదే దొరికింది. దాన్ని పరిణతి అని పిలుచుకున్నాం.

నేనూ ఇలాగే దొరికిపోయాను. ‘టైమ్ అవుట్ ఆఫ్ మైండ్’ నాకు తర్వాతి డిలన్‌లోకి మొదటి తలుపు. నిర్మాత డానియెల్ లన్వా ఆ ఆల్బమ్‌ని పొగమంచులో ముంచాడు. గిటార్లూ ఆర్గనూ ఒకదాని మీద ఒకటి పేరుకుని, గొంతు ఎక్కడో దూరంగా, తడి గోడ వెనక నుంచి వస్తుంది. డిలన్‌కి ఆ శబ్దం పూర్తిగా నచ్చలేదు. తర్వాతి ఆల్బమ్ ‘లవ్ అండ్ థెఫ్ట్’ నుంచి చాలావరకు జాక్ ఫ్రాస్ట్ అనే మారుపేరుతో తానే నిర్మాత అయ్యాడు. 2023 జనవరిలో ‘ఫ్రాగ్మెంట్స్’ పేరుతో పాత టేపుల్ని మైకేల్ బ్రౌవర్ కొత్తగా మిక్స్ చేసి ఇచ్చాడు. పొగమంచు తగ్గింది. గొంతు ముందుకొచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. వారం రోజులు ఊగిపోయాను. దొరికినవాళ్లందరికీ లింకు పంపాను.

ఎనిమిదో రోజు ‘నాట్ డార్క్ యెట్’ పాత మిక్స్ మళ్లీ పెట్టుకున్నాను. కొత్తదాంట్లో ప్రతి వాద్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. పాతదాంట్లో అలా కుదరదు. కానీ ఆ పాటలో మనిషికి తను ఎక్కడున్నాడో సరిగ్గా తెలియదు. వెలుతురు తగ్గుతోందని మాత్రం తెలుసు. ఆ తెలియకపోవడం 1997 శబ్దంలోనే ఉంది. శుభ్రం చేస్తే పాట బాగా వినిపించింది, అందులోని మనిషి మాత్రం తప్పిపోయాడు.

ఇంకో సంగతి. ఇది చావు దగ్గరికెళ్లొచ్చినవాడి ఆల్బమ్ అని అందరం విన్నాం. 1997 మేలో గుండె చుట్టూ ఇన్‌ఫెక్షన్‌తో డిలన్ ఆస్పత్రిలో చేరాడు, సెప్టెంబర్‌లో ఆల్బమ్ వచ్చింది. కానీ రికార్డు చేసింది జనవరిలో, జబ్బుకి ముందు. మనం విన్న జబ్బు మనం తెచ్చిపెట్టుకున్నది.

ఇంత చెప్పాక, నేను సగంలో ఆపేసిన ఆ సినాట్రా పాటల దగ్గరికి రావాలి. ‘షాడోస్ ఇన్ ద నైట్’, 2016లో ‘ఫాలెన్ ఏంజెల్స్’, 2017లో మూడు డిస్కుల ‘ట్రిప్లికేట్’. పది, పన్నెండు, ముప్పై. మొత్తం యాభై రెండు పాటలు, ఒక్కటీ తన సొంతం కాదు. 2016 అక్టోబర్‌లో పాటల రచయితగా నోబెల్ వస్తే, ఆ తర్వాత ఆయన విడుదల చేసిన స్టూడియో ఆల్బమ్‌లో ముప్పైకి ముప్పై వేరేవాళ్లు రాసినవే. అభిమానులకి ఒళ్లు మండిందంటే మండదా మరి? వీటిని ఆదుకోడానికి ఇప్పటిదాకా ఏ బూట్‌లెగ్ సంపుటమూ రాలేదు. ఇవి డిలన్ పక్కన పెట్టినవి కావు. మనం పక్కన పెట్టినవి.

నేను వాటి దగ్గరికి అడ్డదారిలో వచ్చాను. మా తాతయ్య పోయిన రోజు ఇంట్లో ఘంటసాల భగవద్గీత పెట్టారు. మన ఇళ్లలో అలాంటప్పుడు పెట్టేదే. ఎన్నోసార్లు విన్నదాన్ని ఆ రోజు మొదటిసారి గొంతుగా విన్నాను. ‘మాయాబజార్’లో వెన్నెల మీద పడవలా జారిపోయిన గొంతు కాదది. ఆఖరి రోజుల్లో, ఒంట్లో బాగోని మనిషి పాడింది. బరువుగా, ఆగి ఆగి నడుస్తుంది. పాత ఘంటసాల ఏడీ అని ఎవరూ అడగలేదు. ఈ పనికి ఈ గొంతే కావాలని అందరికీ తెలుసు.

ఆ నెలలోనే ‘షాడోస్ ఇన్ ద నైట్’ మొదటిసారి చివరిదాకా విన్నాను. సినాట్రా వెనక ఉండే పెద్ద ఆర్కెస్ట్రా ఇక్కడ లేదు. చిన్న బ్యాండ్, వయొలిన్లు చేసే పని పెడల్ స్టీల్ గిటార్ చేస్తుంది. డిలన్ గొంతు దాక్కోడానికి చోటే లేదు. అంతకుముందు ‘టెంపెస్ట్’లో గరగరలాడిన మనిషి ఇక్కడ ప్రతి పంక్తినీ మెల్లిగా పట్టుకుంటాడు. పొడుగు స్వరం వస్తే తప్పించుకోడు. గొంతు చీలితే చీలనిస్తాడు. తను రాసిన పాటైతే స్టేజి మీద ఎటు కావాలంటే అటు వంచేస్తాడు. వేరేవాళ్ల పాటల్లో మాత్రం జాగ్రత్తగా, అతిథిలా నడిచాడు.

2020 మార్చి 27న, మన లాక్‌డౌన్ మొదలైన మూడో రోజున, కెనడీ హత్య మీద దాదాపు పదిహేడు నిమిషాల ‘మర్డర్ మోస్ట్ ఫౌల్’ వచ్చింది. జూన్‌లో ‘రఫ్ అండ్ రౌడీ వేస్’. అందరూ ‘మళ్లీ లేచాడు’ అన్నారు. పాత క్రియే. నాకు మాత్రం ఆ పదిహేడు నిమిషాల్లో సినాట్రా పాటలే వినిపించాయి. దరువు దాదాపు లేని సంగీతం మీద, తొందర లేకుండా, ప్రతి మాటకీ దాని చోటు ఇస్తూ నడిచే ఆ ఓపిక 2012లో ఆయన గొంతులో లేదు. మధ్యలో చేసింది ఆ యాభై రెండు పాటలే. నేను పక్కదారి అనుకున్నది రోడ్డే.

అంటే అన్నీ గొప్పవేనని కాదు. 1988 నాటి ‘డౌన్ ఇన్ ద గ్రూవ్’ని ఐదుసార్లు ప్రయత్నించాను, ఐదుసార్లూ ఓడిపోయాను. తప్పు నా చెవిది కాదనే అనుకుంటున్నాను. ‘ట్రిప్లికేట్’ మూడో డిస్కు ఇప్పటికీ సాగినట్టే ఉంటుంది. ముసలాయన కదా అని అన్నిటికీ తలూపడం కూడా వినకపోవడమే. 1979లో లేచి వెళ్లిపోయినవాళ్లు కనీసం విని కోపం తెచ్చుకున్నారు. 2015లో నేను ఆ మాత్రం కూడా చేయలేదు.

మొన్న సీనియర్‌తో ఫోన్లో ఇదంతా చెప్పి, ఇన్నేళ్లుగా నలుగుతున్నది అడిగేశాను.

“అన్నా, ఆ ఫోల్డర్‌కి ‘డిలన్ తర్వాత’ అని ఎందుకు పెట్టావ్? అక్కడితో డిలన్ అయిపోయాడనే కదా?”

కాసేపు గుర్తుతెచ్చుకున్నాడు.

“లేదురా. మొత్తం ఒకేసారి కాపీ అవలేదు. మొదటి భాగం ఎక్కించి, మిగతాది తర్వాత ఎక్కించా. అంతే.”