ఇరవై రెండో సెకను

1999 జనవరి 23. న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్‌లో తెల్లవారుజాము మూడు కావస్తోంది. అంతరిక్షంలో కాంప్టన్ ఉపగ్రహానికి గామా కిరణాల పేలుడొకటి తగిలింది. ఆ కబురు భూమికి దిగి, స్కాట్ బార్తెల్మీ అల్లిపెట్టిన వార్తావ్యవస్థలోంచి ఇంటర్నెట్ మీద లాస్ అలమోస్ చేరింది. అక్కడ ఎవరి అనుమతీ అడగకుండా నాలుగు లెన్సులు గిర్రున ఆ దిక్కుకు తిరిగాయి. పేలుడు మొదలైన 22వ సెకనుకల్లా మొదటి ఫొటో పడింది. మనలో ఎవరికైనా ఆపాటికి నిద్రమత్తు వదిలేదా?

ఆ యంత్రం పేరు రోట్సీ. మిషిగన్ విశ్వవిద్యాలయపు కార్ల్ ఎకర్లాఫ్ బృందం కట్టింది. నాలుగూ కెనాన్ 200 మిల్లీమీటర్ల లెన్సులే, ఆటల పోటీల్లో ఫొటోగ్రాఫర్లు భుజాన వేసుకునే రకం. ఒక్కోదాని నోరు పదకొండు సెంటీమీటర్లు. అది పట్టిన వెలుగు మాత్రం 900 కోట్ల ఏళ్లకు పైగా ప్రయాణించి వచ్చింది! మొదటి ఫొటోలో 11.7 మాగ్నిట్యూడ్, పాతిక సెకన్ల తరువాత 8.9. ఈ లెక్కలో అంకె తగ్గేకొద్దీ వెలుగు పెరుగుతుంది కనుక, ఆ కాస్త సేపట్లోనే పదమూడు రెట్లు ఎగసిందన్నమాట. ఆ క్షణాన అటు చూసి ఉంటే మామూలు బైనాక్యులర్లోనే కనిపించేది. పది నిమిషాల్లో 14.5కి పడిపోయింది.

ఈ పేలుళ్ల పూర్వకథ అందరికీ తెలిసిందే: దొంగచాటు అణుపరీక్షలను కనిపెట్టడానికి పంపిన వేలా ఉపగ్రహాలు 1967లో వీటిని చూశాయి, 1973లో లోకానికి చెప్పారు. రోట్సీకి ముందు తరం ప్రయత్నంలో వాడిన కెమెరా రీగన్ కాలపు ‘స్టార్ వార్స్’ రక్షణ పథకంలోంచి వచ్చిందట.

రోట్సీ పనితనం ఎక్కడుందో చెబుతాను. కాంప్టన్ ఇచ్చే చిరునామాలో కొన్ని డిగ్రీల తేడా ఉండేది, వీధి పేరు చెప్పి ఇంటి నంబరు చెప్పనట్టు. పెద్ద దుర్భిణి ఆకాశంలో సూది మొనంత చోటే చూస్తుంది, అలాంటి చిరునామాతో అది చేసేదేమీ లేదు. రోట్సీ నాలుగు లెన్సులూ కలిసి 16 డిగ్రీల చదరం చూస్తాయి, అంటే వెయ్యి పున్నమి చంద్రులు పట్టే జాగా. పైగా ఒక్క ఫొటోతో ఆగదు. అయిదేసి సెకన్ల ఫొటోలు వరుసగా తీస్తుంది. తరువాతి రోట్సీ-3 దుర్భిణులు ఆస్ట్రేలియా, టెక్సస్, నమీబియా, టర్కీల్లో వెలిశాయి, ఎక్కడో ఒకచోట రాత్రి ఉంటుందని.

వెలుగులో రికార్డు తరువాత చేయి మారింది, ఒప్పుకోక తప్పదు. 2008 మార్చి 19న చిలీలో పోలండ్ వాళ్ల ‘పై ఆఫ్ ద స్కై’ కెమెరాలు, టోర్టోరా కెమెరా 5.3 మాగ్నిట్యూడ్ మెరుపును పట్టాయి. చీకటి చోట ఉన్నవాడికి ఉత్త కంటికి కనిపించేంత వెలుగు, 750 కోట్ల కాంతి సంవత్సరాల అవతలి నుంచి. అరగంట ముందు ఆ పక్కనే ఇంకో పేలుడు జరగబట్టి కెమెరాలు అప్పటికే ఆ వైపు చూస్తున్నాయి. అదృష్టమే, కానీ ఆ వేళకు కళ్లు తెరుచుకుని ఉన్నవాడికే కదా దక్కింది.

నా కోపమల్లా నకిలీ మెరుపుల మీద. 1980ల్లో పెర్సియస్ మండలంలో మెరుపులు కనిపిస్తున్నాయని పెద్ద గోల జరిగింది. చివరికి అవి తిరిగే ఉపగ్రహాల మీద ఎండ తళుకులని తేలింది. బుద్ధి వచ్చిందా? 2020లో, పది మీటర్ల అద్దమున్న కెక్ దుర్భిణికి చిక్కిన ఒక మెరుపు 1,340 కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీలో పేలుడు అన్నారు. అది రష్యా రాకెట్ విడిచిన తునక కావచ్చునని మరుసటి ఏడే ఇంకో బృందం లెక్కకట్టి చూపింది. ఇంతకీ అది కనిపించింది ఒకే ఒక్క వర్ణపట చిత్రంలో. పదకొండు సెంటీమీటర్ల లెన్సు పాటించిన నియమం పది మీటర్ల అద్దానికి వర్తించదా?

ఇప్పుడు ఉపగ్రహాలను వేలకు వేలు పైకి విసురుతున్నారు. ప్రతిదీ ఒక అద్దం పెంకే. చక్కగా పనిచేస్తున్న కాంప్టన్‌ను మాత్రం ఒక్క గైరోస్కోపు పాడైందని 2000 జూన్‌లో పసిఫిక్‌లోకి దించేశారు. ఆ బాధ నాకింకా తీరలేదు.

మనకూ లద్దాఖ్ హాన్లేలో, నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున, గ్రోత్-ఇండియా అనే 70 సెంటీమీటర్ల రోబో దుర్భిణి 2018 నుంచీ ఇదే వేటలో ఉంది. ఈసారి ఆకాశంలో మహా పేలుడు కనిపించిందని వార్త వస్తే, రెండో ఫొటో ఉందా అని ముందు అడగండి.