పరేల్ చాల్‌లో రెండు గదులు: కిరాయి ఇంటికి చరిత్ర లేదా?

తెలుగులో ఇంటి నిర్మాణం మీద రాసేవాళ్ళలో చాలామందికి ఇల్లంటే మండువా లోగిలే. నడిమి వాకిలి, చుట్టూ వసారా, చెక్కిన స్తంభాలు, పెరట్లో బావి. ఆ బావిలో చేద ఎవరు వెయ్యొచ్చు, ఎవరు వెయ్యకూడదు, ఎవరు ఏ గుమ్మం దాకా రావచ్చు అన్న ప్రశ్నలు ఆ రాతల్లో కనిపించవు. మట్టి మోసినవాళ్ళు, వాకిలి ఊడ్చినవాళ్ళు, వాకిట్లోనే నిలబడిపోయినవాళ్ళు అందులోకి రారు. ఇంటి చరిత్ర అంటే ఇంటి యజమాని చరిత్ర అయి కూచుంది. మరి సొంత ఇల్లు, సొంత జాగా లేకుండా చేయబడ్డ కులాల ఇంటి చరిత్రని ఎక్కడ వెతకాలి? కిరాయి ఇంట్లో వెతకాలని నా వాదన. అందుకు బొంబాయిలోని పరేల్‌లో ఉన్న ఒక పాత చాల్‌ని తీసుకుంటున్నాను. దాని రెండో అంతస్తులో 50, 51 నంబర్ల గదుల్లో అంబేడ్కర్ కుటుంబం 1912 నుంచి 1934 దాకా, అంటే 22 ఏళ్ళు బతికింది.

ఈ చాల్‌ని కట్టింది బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. కూలీలు కిక్కిరిసి బతికే బస్తీలే రోగానికి మూలమని తెల్ల ప్రభుత్వం తేల్చింది. 1898లో చట్టం చేసి ట్రస్ట్‌ని పెట్టింది. గాలీ వెలుతురూ పేరు చెప్పి బస్తీలు కూల్చారు, వెడల్పు రోడ్లు వేశారు. తొలి ఏళ్ళలో కూల్చినన్ని ఇళ్ళు మాత్రం కట్టలేదు. కట్టిన చాళ్ళలో కుటుంబానికి ఒక గది లెక్క. వరసగా గదులు, వాటిని కలిపే నడవ, అందరికీ ఉమ్మడిగా కుళాయిలు, మరుగుదొడ్లు. వంట, పడక, జబ్బు, చావు అన్నీ ఆ గదిలోనే. కూలీ మీద జాలితో కట్టిన ఇళ్ళు కావివి. రోగం దొరల పేటలకి పాకకుండా, కూలీ పొద్దున్నే మిల్లు గేటు దగ్గర ఉండేట్టు కట్టినవి.

ఆ మిల్లులో కూడా కులం ఉంది. నేత విభాగంలో తెగిన దారాన్ని నోటి తడితో అతకాల్సి వచ్చేది. అంటరానివాళ్ళ ఎంగిలి తగులుతుందని దళితుల్ని అందులోకి రానివ్వలేదు. మెరుగైన కూలి దొరికేది అక్కడే. అంటే ఏ గదికి కిరాయి కట్టే తాహతు ఎవరికుంటుందో కూడా చాలావరకు కులమే తేల్చింది.

ఇంతవరకే చెప్పి ఆపితే చాల్‌ని సగమే చూసినట్టు. మిగతా సగం కోసం బరోడా పోవాలి. 1917లో, కొలంబియాలో చదువు ముగించి, లండన్ చదువు మధ్యలో ఆపి, స్కాలర్‌షిప్ ఒప్పందం ప్రకారం అంబేడ్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళాడు. ఆ ఊళ్ళో ఆయనకి ఉండటానికి గది దొరకలేదు. పారశీ సత్రంలో పారశీ పేరుతో తలదాచుకున్నాడు. కొన్నాళ్ళకే సంగతి తెలిసి కొందరు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. ఆశ్రయం అడిగితే తెలిసిన హిందూ మిత్రుడూ, క్రైస్తవ మిత్రుడూ ఇద్దరూ తప్పించుకున్నారు. రైలు వేళయ్యేదాకా ఊరి తోటలో కూచుని బొంబాయికి తిరిగొచ్చాడు. చదువు, ఉద్యోగం, రాజుగారి అండ, ఇవేవీ ఒక గదిని ఇప్పించలేకపోయాయి. అట్లాంటి మనిషికి పరేల్ గది అంటే ఏమిటో ఇక్కడ అర్థమవుతుంది. ఇక్కడ గదికి ఒక నంబరుంది, నెలకి ఇంత అని కిరాయి ఉంది, లోపలినుంచి వేసుకునే తలుపుంది. చాల్‌లో కులం పోయిందని నేననడం లేదు. అయితే ఊరి పెద్ద దయ మీద కాకుండా కిరాయి రసీదు మీద నిలబడ్డ ఇల్లు అది. ఊరవతల గుడిసెకి ఆ మాత్రం భద్రత కూడా లేదు.

ఆ రెండు గదుల్లో ఉండగానే 1920లో మూక్‌నాయక్ కాలం గడిచింది. 1924లో పెట్టిన బహిష్కృత హితకారిణి సభ ఆఫీసు ఆ దగ్గర్లోనే, పరేల్ దామోదర్ హాల్లో ఉండేది. 1927 మహాడ్ చెరువు పోరాటం, రౌండ్ టేబుల్ సమావేశాలు, 1932 పూనా ఒప్పందం, అన్నీ ఆయన ఈ చాల్ కిరాయిదారుగా ఉన్న కాలానివే. చెరువు నీళ్ళ కోసం మహాడ్‌కి నడిపించిన మనిషి ఇంటికొస్తే ఉమ్మడి కుళాయి దగ్గర వంతు చూసుకునే ఇంటివాడని గుర్తుంచుకోవాలి.

ఇంకో మాట. ఈ 22 ఏళ్ళలో అంబేడ్కర్ 1913 నుంచి 1917 దాకా ఒకసారి, 1920 నుంచి 1923 దాకా మరోసారి విదేశాల్లో ఉన్నాడు. అప్పుడు ఆ ఇంటిని నిలబెట్టింది రమాబాయి, ఆమెతోపాటు వదిన లక్ష్మీబాయి. కిరాయి, గింజలు, పొయ్యిలోకి పిడకలు, పిల్లల జబ్బులు వాళ్ళ మీద పడ్డాయి. రమాబాయి కన్న ఐదుగురిలో నలుగురు చిన్నతనంలోనే పోయారు. ఆఖరిబిడ్డ రాజరత్న పోయింది 1926లో. ప్లేగు తర్వాత ఆరోగ్యం కోసమని కట్టామన్న ఇళ్ళ కాలంలో ఒక కుటుంబం కట్టిన లెక్క ఇది. ‘అంబేడ్కర్ ఉన్న ఇల్లు’ అని పలక రాసేవాళ్ళు ‘రమాబాయి నడిపిన ఇల్లు’ అని ఎందుకు రాయరు? దళిత చరిత్ర రాసే మనం కూడా ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేం.

ఇక జ్ఞాపకాల సంగతి. దాదర్ హిందూ కాలనీలో ఆయన 1930లలో కట్టుకున్న రాజగృహ అందరికీ తెలుసు. పుస్తకాల కోసం కట్టిన ఇల్లది. ఏటా డిసెంబర్ 6న జనం అక్కడికి పోతారు. 2020 జులైలో దాని మీద దాడి జరిగితే దేశమంతా అడిగింది. లండన్‌లో ఆయన 1921-22లో ఉన్న కింగ్ హెన్రీస్ రోడ్ ఇంటిని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొన్నది. మ్యూజియం పెట్టడానికి అక్కడి అనుమతుల కోసం పోరాడి 2020లో సాధించింది. మంచిదే. కానీ ఏడాది ఉన్న లండన్ ఇల్లు కొనడానికి చూపిన తొందర, 22 ఏళ్ళు బతికిన చాల్ గదుల మీద కనిపించలేదు. సొంత ఇల్లు, విదేశీ ఇల్లు స్మారకాలవుతాయి. కూలీల మధ్య కిరాయి ఇల్లు మాత్రం గొప్పవాడు దాటొచ్చిన మెట్టుగా మిగిలిపోతుంది. అంబేడ్కర్‌ని ఆయన జనం నుంచి విడదీసి చూపడానికి ఇది సులువైన దారి.

చాల్‌ని మ్యూజియంలా కాపాడి జనాన్ని అందులోనే ఉంచాలని నేననను. బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 1920లలో వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్, శివ్డీల్లో 207 చాళ్ళు కట్టింది. ఒక్కో గది 160 చదరపు అడుగులు. 1974 జనవరిలో దళిత పాంథర్ల మీద దాడులు, అల్లర్లు జరిగింది వర్లీలోని ఈ చాళ్ళ దగ్గరే. వీటిని కూల్చి 500 చదరపు అడుగుల ఇళ్ళు కడుతున్నారు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 కుటుంబాలకి తాళాలిచ్చారు. నడవలో ఇరుగుపొరుగు ప్రేమలని సినిమాల్లో మురిసిపోయేవాళ్ళు ఉమ్మడి మరుగుదొడ్డి ముందు చెంబుతో నిలబడి చూడాలి. పెద్ద ఇల్లు ఆ జనం హక్కు. నేనడిగేది వేరు. కూల్చేముందు ఆ గదుల లెక్క ఎవరు రాసుకున్నారు? ఏ నడవలో మీటింగు జరిగింది, ఏ గదిలో రాత్రిబడి నడిచింది, ఏ ఆడమనిషి నలుగురు పోరాటగాళ్ళకి వండిపెట్టింది?

మనకిది పరాయి కథ కాదు. బొంబాయి కట్టడాల్లో తెలుగు చెమట ఉంది. నిజాం రాజ్యం నుంచి పోయిన కూలీలని కామాటీలన్నారు, కామాటిపుర పేరు వాళ్ళ మీదనే వచ్చింది. ఇక్కడ కూడా 2016 జనవరిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హాస్టల్ గదుల నుంచి వెలేసిన ఐదుగురు పరిశోధక విద్యార్థులు ఆరుబయట గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. బరోడాకీ వెలివాడకీ మధ్య తొంభై తొమ్మిదేళ్ళు. నేను చదువుకోసం పట్నం వచ్చినప్పుడు కిరాయి ఇళ్ళ దగ్గర మొదట విన్న ప్రశ్న ‘మీరేమిట్లు?’ అనే. ఇది చదివేవాళ్ళలో ఎందరు ఈ ప్రశ్న విన్నారో చెప్పనక్కర్లేదు.

అందుకే విద్యార్థి మిత్రులకి ఒక పని. మీ వాడలో ఒక ఇంటిని తీసుకోండి. పట్టా ఎప్పుడొచ్చింది, ఎవరి పేరున వచ్చింది, ముందు తాటాకా, పెంకా, ఎప్పుడు స్లాబు పడింది, కుళాయి ఏ ఏట వచ్చింది, అప్పు ఎక్కడ తెచ్చారు, ఇటుకలు ఎవరు మోశారు? అమ్మనీ, నాయనమ్మనీ కూచోబెట్టి అడిగి రాసుకోండి. మండువాకి బొమ్మలు గీసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ లెక్క మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.