మినీ కారు – రూపాంతరములు

కారు చిన్నదగుట వేఱు, చిన్నదానియందు చోటు కల్పించుట వేఱు. 1956లో సూయెజ్ సంక్షోభముచే ఇంగ్లండున పెట్రోలుకు కటకట యేర్పడెను. అందుపై అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ 1959లో వెలువడెను. పొడవు 10 అడుగులు. చక్రములు 10 అంగుళములు. ఇంజనును అడ్డముగా నిలిపి, దాని నూనెతొట్టిలోనే గేర్లను ఇమిడ్చినందున నలుగురు కూర్చుండుటకు చోటు మిగిలెను.

మాకు మిక్కిలి నచ్చినది దాని తలుపు. అద్దము క్రిందికి దిగక ప్రక్కకు జరుగునదగుటచే తలుపు పలుచనై, లోపలి బోలులో సామాను పెట్టుకొనుటకు లోతైన అర యేర్పడెను. మోచేతికిని తావు దొరకెను. 1969లో త్రిప్పుడు అద్దములు వచ్చెను. సుఖమే, కాదనము. కాని ఆ అర పోయెను! సౌకర్యమను పేర చోటును అమ్ముకొనిరని మా అభియోగము.

1967లో వెనుక అద్దమును పెద్దది చేయుటను మాత్రము తప్పుపట్టలేము; చోదకునికి చూపు పెరిగెను. 1969లోనే క్లబ్‌మన్ అను పేర ముక్కును చదునుచేసి ముందునకు సాగదీసిరి. ఇంజను మరమ్మతుకు చేయి సులువుగా దూరునందురు; ఒప్పుకొందము. కారు పొడవు పెరిగెనేగాని కూర్చుండువారికి అంగుళమైనను పెరుగలేదు. ఆ సెడాను 1980లో నిలిచిపోయెను. గుండ్రని ముఖముగల పాతది 2000 అక్టోబరు వరకు తయారగుచునే యుండెను.