ఆలస్యాన్నీ లెక్కలోకి తీసుకున్న అంకి

నేర్చుకున్న విషయాన్ని మరిచిపోవడానికి కాస్త ముందు మళ్లీ చూపించాలి. ఫ్లాష్‌కార్డుల సాఫ్ట్‌వేర్ చేయవలసిన పని ఇంతే. ఆ రోజు ఏదో తేల్చడంలోనే పనితనమంతా ఉంది. డేమియన్ ఎల్మ్స్ 2006లో తెచ్చిన 'అంకి'లో ఆ పనితనం ముచ్చట గొలుపుతుంది.

దాని పాత షెడ్యూలర్‌కు పునాది పోలండ్‌కు చెందిన పియోత్ర్ వోజ్నియాక్ 1987లో సూపర్‌మెమో కోసం రూపొందించిన ఎస్‌ఎం-2 పద్ధతి. ప్రతి కార్డుకూ ఒక గుణకం ఉంటుంది. మొదట అది 2.5. పది రోజుల వ్యవధి ఉన్న కార్డు బాగా గుర్తుంటే మళ్లీ 25 రోజులకు వస్తుంది. తడబడితే గుణకం తగ్గుతుంది గానీ 1.3 కన్నా కిందికి దిగదు. అంతకన్నా దిగజారే కార్డులో చాలాసార్లు లోపం ప్రశ్న రాసిన తీరులోనే ఉంటుందని వోజ్నియాక్ గమనించాడు.

అంకి చేసిన అసలు మెరుగు ఆలస్యం దగ్గర కనిపిస్తుంది. అదే పది రోజుల కార్డును ఎనిమిది రోజులు ఆలస్యంగా తెరిచాం, అయినా జవాబు తట్టింది. అంటే జ్ఞాపకం 18 రోజులు నిలిచిందన్నమాట. 'బాగుంది' బటన్ నొక్కితే ఆ ఆలస్యంలో సగాన్ని కలిపి, 14ను 2.5తో హెచ్చవేసి 35 రోజులు ఇస్తుంది. 'సులువు' అంటే ఆలస్యం మొత్తాన్నీ కలుపుతుంది. 'కష్టం' అంటే ఏమీ కలపదు. జవాబు ఎంత గట్టిగా వచ్చిందో, ఆలస్యానికి అంత విలువ. రివ్యూ తప్పిన విద్యార్థికి శిక్ష వేయకుండా, ఆ తప్పిపోయిన రోజుల నుంచి కూడా సమాచారం రాబట్టడం ఎంత గొప్ప ఆలోచన!

చిన్న విషయాల్లోనూ అదే శ్రద్ధ. ఒకే రోజు నేర్చుకున్న కార్డులు ఎప్పటికీ గుంపుగానే వస్తే, వరసను బట్టి జవాబు తట్టేస్తుంది. అందుకే వ్యవధిని యాదృచ్ఛికంగా కాస్త అటూ ఇటూ జరుపుతుంది. నూటికి 85 గుర్తుంటున్నాయి, 90 కావాలి అనుకుంటే, అన్ని వ్యవధులనూ దాదాపు 65 శాతానికి కుదించే అమరిక కూడా ఉంది. రోజువారీ రివ్యూలు పెరుగుతాయి. ఆ ఖర్చు భరించాలా వద్దా అన్నది మన చేతిలోనే ఉంటుంది.

2023లో అంకిలో చేరిన ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త షెడ్యూలర్ ఈ దారిలోనే ఇంకా ముందుకు వెళ్లింది. గుర్తుండే అవకాశం 90 శాతానికి తగ్గడానికి ఎన్ని రోజులు పడుతుందో, మన పాత జవాబుల ఆధారంగా ప్రతి కార్డుకూ అంచనా వేస్తుంది.

ఇంత లెక్కా నిలబడేది మనం నొక్కే బటన్ మీద. మరిచిపోయిన కార్డుకు 'కష్టం' నొక్కితే, గుర్తుందనే సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది. మరిచిపోయినప్పుడు 'మళ్లీ' అని ఒప్పుకోవడమే ఈ పనితనానికి మనం ఇవ్వగల గౌరవం.